భోలాకు అడిగిన గడువు

బెంగాలీల నగరంలో, వలస వచ్చిన తెలుగువాళ్లుండే కార్పొరేషన్ కార్మికుల ఇళ్ల లైన్లలో, ఎర్రజెండా దిమ్మ దగ్గర ఆ ఉదయం సమావేశమైనవారు: ముందు మేస్త్రీ గోవిందరాజు, ఆయనకు ఎడమ పక్కన యూనియన్ సోములు, వారి వెనుక దాలమ్మ, అందరికంటే చివర, ఎవరూ పీట వేయని ఒక బెంగాలీ స్త్రీ.

విచారణ భోలా అనే కుక్కను గురించి.

వానాకాలం మొదట్లో పక్క బస్తీలో ఒక ఆడపిల్ల పిక్క పట్టుకున్నది అదే. చంపేద్దామని అందరూ అనుకుంటూ ఉండగా, ఈ స్త్రీ ఎక్కడి నుంచో వచ్చి దానిని బండిలో తీసుకుపోయింది. వృషణాలు తీయించి, గుర్తుగా చెవికి గాటు పెట్టించి, తిరిగి తెచ్చి వదిలింది.

"మా ఊర్లో కోడెకి నొక్కించేస్తే కాడి కిందకి ఒచ్చేసీది. నీ కుక్కేటి దీదీ, ఇంకా ఆడకుక్కలెనకాలే తిరుగుతోంది?" అంది దాలమ్మ.

"కోసినోడు చెవొక్కటే కోసి ఒగ్గేసినాడేటో!" అన్నాడు సోములు.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"రక్తంలో మగవేడి ఒక్క రోజులో దిగదు దాదా," అంది బెంగాలీలో, మేస్త్రీని అన్నా అని పిలుస్తూ. "వారాలు పడుతుంది. అప్పుడు తిరుగుళ్లు, పోట్లాటలు తగ్గుతాయి. భయంతో కరవడం మాత్రం కోతతో పోదు. కర్రలతో తరమకండి. దసరా పూజల దాకా గడువివ్వండి."

చేతులు జోడించింది.

గోవిందరాజు మాట ఆ లైన్లలో శాసనం.

"సరే. పూజల్దాకా దాని జోలికెవులూ ఎల్లకండి."

మాట ఇచ్చినవాడు ఆయనే, తప్పినవాడూ ఆయనే.

కొద్ది రోజులకే భోలా ఆయన గుమ్మంలోనే మరో కుక్కతో కలియబడింది.

"మేస్త్రీ మాటంటే కుక్కకి కూడా నెక్క నేదు!" అని కుళాయి దగ్గర ఎవరో అన్నారు.

ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. మర్నాడు విషం కలిపిన రొట్టె తన చేత్తోనే వేశాడు. భోలా తోక ఊపుకుంటూ వచ్చి తిన్నది.

ఆమె వచ్చేసరికి కళేబరం చెత్తబండిలో ఉన్నది.

తిట్టలేదు. శపించలేదు.

"ఇంట్లో ఒకరు రోజూ అడుగుతున్నారు, భోలా మంచివాడయ్యాడా అని. ఏమని చెప్పను దాదా?"

"ఎవులమ్మా?" అన్నాడు గోవిందరాజు.

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. చెప్పినవాడు ఆమెతో వచ్చిన బండివాడు.

భోలా కోసం ఆ లైన్లలో చేతులు జోడించిన ఒకే ఒక్క మనిషి, గౌరవంగా చెప్పుకోవలసిన మాట, భోలా కరిచిన పిల్లను కన్నతల్లి.