నాగాయలంక వెళ్ళాల్సిన కారు

రామచంద్రమూర్తి స్విచ్చి నొక్కాడు. లైట్లు వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. ఈ పాత కారు తన బుద్ధి ఇవాళే చూపించాలా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఏమైందండీ?” అంది పక్క సీట్లో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న సత్యవేణి.

“లైట్లు రావట్లేదు.”

పొద్దు వాలిపోతోంది. బందరు నుంచి నాగాయలంక దాకా వెళ్ళాలి. దారిలో చాలాచోట్ల రోడ్డు పక్కనే కాలవ. లైట్లు లేకుండా బయల్దేరితే, వీళ్ళని వెతకడానికి ఇంకెవరో బయల్దేరాల్సి వస్తుంది.

సత్యవేణి చెల్లెలు శ్రీలక్ష్మి మధ్యాహ్నం నాగాయలంకలో పోయింది. గుండెపోటు. ఆమె కొడుకు సాయిశరణ్, రామచంద్రమూర్తికి ఫోన్ చేసి, “పెదనాన్నా, పెద్దమ్మకి ఇప్పుడే చెప్పకండి, దారిలో తట్టుకోలేదు” అన్నాడు. ఇలాంటప్పుడు అందరూ చెప్పే మాటే మూర్తి కూడా భార్యకి చెప్పాడు. శ్రీలక్ష్మికి సీరియస్‌గా ఉందట, వెంటనే వెళ్దాం పదమన్నాడు.

సత్యవేణి ఏడవలేదు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. స్నానం చేసింది, దీపం పెట్టింది, ఆ తర్వాత తీరిగ్గా చారుపొడి కొట్టడానికి కూర్చుంది. నీరసం తగ్గగానే చెల్లి నా చారే కావాలంటుందని చెప్పింది. ఆ రోకలి చప్పుడు వింటూ మూర్తి వసారాలో నిలబడ్డాడే గాని, వద్దనడానికి నోరు రాలేదు. తినే మనిషి లేదని ఎలా చెప్తాడు? అలా అలా సాయంత్రమైంది.

వీధి చివర షెడ్డు నుంచి మెకానిక్ ఇస్సాకు వచ్చాడు. బానెట్ ఎత్తి, బల్బులు తీసి, బ్యాటరీకి నేరుగా తగిలించి చూశాడు. భేషుగ్గా వెలిగాయి. తర్వాత సత్యవేణిని కాస్త మోకాళ్ళు జరపమని డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాడు. వేలిగోరంత ఫ్యూజు ఒకటి పైకి లాగి వెలుతురులో చూశాడు.

అదేమిటని సత్యవేణి అడిగింది. ఈ కారుకి రెండు లైట్ల ప్రాణమూ ఇందులోనే ఉందనీ, ఇది బాగానే ఉందనీ చెప్పి, ఇస్సాకు దాన్ని మళ్ళీ అక్కడే గుచ్చాడు.

ఇంతలో సాయిశరణ్ ఫోన్. మూర్తి గేటు దాకా నడిచి మాట్లాడాడు. పెద్దమ్మ కోసమే అమ్మని రాత్రికి ఉంచుతున్నామనీ, తెల్లారగానే తీసుకెళ్ళిపోతారనీ ఆ కుర్రాడు వెక్కుతూ చెప్పాడు. వచ్చేస్తున్నామన్నాడు మూర్తి. ఈ ఒక్క రాత్రయినా సత్యవేణిని చెల్లెలి పక్కన కూర్చోబెట్టాలి. అంతకు మించి తన చేతిలో ఇంకేమీ లేదని తలుచుకుంటే అతనికి గుండె చెరువైంది.

తిరిగొచ్చి, కిరాయి కారు పిలుస్తానన్నాడు.

“వేరే కారెక్కితే నాకు తిప్పుతుందండీ. మన కారులోనే వెళ్దాం. వచ్చేస్తాయిలెండి లైట్లు.”

అదీ నిజమే. ఎవరి కారెక్కినా ఊరు దాటకముందే ఆమెకి వాంతులు. మూర్తి ఫోన్ జేబులో పెట్టేశాడు.

చివరికి దొంగ దొరికాడు. బందరు ఉప్పుగాలికి ఎర్త్ వైరు చివర పచ్చగా చిలుముపట్టి ఉంది. ఇస్సాకు దాన్ని ఉప్పుకాగితంతో గీకి బిగించాడు. మూర్తి స్విచ్చి నొక్కగానే ఎదురుగా ప్రహరీ గోడంతా తెల్లగా వెలిగింది. సత్యవేణి గట్టిగా కళ్ళు మూసుకుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాడు మూర్తి.

ఇస్సాకు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మూర్తి పరుగున ఇంట్లోకి వెళ్ళి కిటికీలు వేసి, తలుపుకి తాళం పెట్టి వచ్చాడు. వచ్చేసరికి గోడ చీకటిగా ఉంది.

“ఆరిపోయాయండీ,” అంది సత్యవేణి.

ఇస్సాకు మళ్ళీ బానెట్ ఎత్తాడు. ఎర్త్ వైరు విప్పి మళ్ళీ బిగించాడు. స్విచ్చి ఊడదీశాడు. కనపడ్డ ప్రతి వైరూ వంచి చూశాడు. సత్యవేణి కూర్చున్న చోటి నుంచే మధ్యమధ్యలో వచ్చాయా, వచ్చాయా అని అడుగుతోంది. ఆమె అడిగినప్పుడల్లా మూర్తికి ప్రాణం పోతోంది. చెప్పేద్దామని రెండుసార్లు కారు దగ్గరికి వెళ్ళాడు. ఆ సంచీలోంచి చారుపొడి వాసన ముక్కుకి తగిలింది. చెప్పలేక వెనక్కి వచ్చి, టైరుని ఒక్క తన్ను తన్నాడు.

“ఇంక చూడాల్సింది ఏమీ మిగల్లేదు మాస్టారూ,” అన్నాడు ఇస్సాకు.

అయినా మనసొప్పక, మొదట చూసిందే మరోసారి చూద్దామని డాష్‌బోర్డు కింద టార్చి వేశాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ.

“ఇందాక నా చేత్తోనే పెట్టానండీ ఇక్కడ.”

కింద పడిందేమోనని మూర్తి ఒంగి మ్యాట్ ఎత్తాడు, సీటు కింద తడిమాడు. కాస్త కాళ్ళు తియ్యమన్నాడు భార్యని.

సత్యవేణి కాళ్ళు తీయలేదు. ఒళ్ళో సంచీ మీద పెట్టుకున్న గుప్పిట నెమ్మదిగా విప్పింది. చెమట పట్టిన అరచేతిలో ఫ్యూజు ఉంది.

“మా నాన్న పోయిన రోజు కూడా మీరు సీరియస్ అనే చెప్పారండీ,” అంది. “లైట్లు రాకపోతే, మా చెల్లి ఇంకాసేపు సీరియస్‌గానే ఉంటుంది కదా.”