రాగి మొన

"మీరు బాగుచేసిచ్చిన వారానికే ఇది మొరాయించింది. ఎందుకో చెప్పండి," అంటూ ఎవ్దొకియా తన భర్త ఆవిరిగొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

ప్రోద్రొమోస్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సిగరెట్టు మానినవాళ్లు పీల్చే ఆ ఇత్తడి గొట్టం అతని చేతి పనే. గ్రీసులోని వోలోస్ రేవులో ఈ విద్యలో తన తర్వాతే ఎవరైనా అని గొప్పలు పోయే మనిషి. దాన్ని మళ్లీ చూపించడానికే ఆమె భర్త అరిస్ ఆ రోజు వానలో బైకు తీశాడు. కొట్టుదాకా రాలేదు; దారిలోనే బైకు జారి ప్రాణం పోయింది.

తల్లి పక్కన ఎనిమిదేళ్ల మిర్సిని, అంత ఎండలోనూ స్వెట్టరు చేతులు వేళ్లు కనపడకుండా లాక్కుని నిలబడింది. నాన్న దగ్గు విని ఏడ్చేదట, ఆ గొట్టం పారెయ్యమని ఆయన వెంటపడేదట. తల్లి చెబుతుంటే పిల్ల నేలచూపులు చూసింది.

ఎవ్దొకియా సంచిలోంచి పొట్లం తీసింది. అరిస్ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలో ఆయన పేరిట పంచిన, ఉడికించిన తీపి గోధుమలు.

"తప్పు మీది కాకపోతే ఇవి తిని, దేవుడు ఆయన్ని మన్నించాలని అనండి. మీదే అయితే ముట్టుకోవద్దు."

అతను కొత్త బ్యాటరీ వేసి అడుగున మీట నొక్కాడు. వెలగలేదు. మరలు స్పిరిటుతో తుడిచాడు. అయినా లేదు. స్ప్రింగు బాగానే ఉంది. ఆ మీటకు తీగలుండవు; వెనకున్న రాగి మొన బ్యాటరీకి తగలాలి, అంతే. మీట విప్పి, మొనను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. బ్లేడుతో గీకి, బ్లేడును గుడ్డ కింద పెట్టాడు. మళ్లీ బిగించి నొక్కితే లోపలి తీగచుట్ట ఎర్రగా వెలిగింది.

"ఏముంది అందులో?"

"మసి అమ్మా. రాగి మీద పేరుకుంది. అప్పుడు నేనే తుడవడం మరిచిపోయాను. తప్పు నాదే."

ఎవ్దొకియా అరవలేదు. "మీ చేతులు పడిపోను," అని మెల్లగా అని, పొట్లం తీసుకుని బయటికి నడిచింది.  

గుమ్మం దగ్గర మిర్సిని తల్లి చేతిలోంచి పొట్లం లాక్కుని వెనక్కి వచ్చింది. స్వెట్టరు చేతులు పైకి జరిపి, గుప్పెడు గోధుమలు ప్రోద్రొమోస్ అరచేతిలో పోసింది.

ఆ చిట్టి గోళ్ల చివర, అతను రాగి మీంచి గీకిన ఊదా గోళ్లరంగే ఇంకా ఉంది.