ఎదురు తిరిగిన పూలు

"ఇది పనికిరాదు," అంటూ రాజ్యశ్రీ, జంపక్క ఒడిలోంచి ఉన్ని పువ్వు తీసుకుని కొస దారం పట్టి లాగింది. రెండు రోజులు కూర్చుని అల్లిన పువ్వు సరసరా ఊడిపోసాగింది.

మణుగూరు కాలనీ మహిళామండలి గదిలో రెండు చాపలు పరిచి ఉన్నాయి. ఒక చాప మీద కాలనీ ఆడవాళ్లు ఏడుగురు. ఎదురు చాప మీద, అడవి గూడెం నుంచి రోజూ ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చే వాళ్లు ఏడుగురు. చాపలు మొదటిరోజే అలా విడివిడిగా పడ్డాయి. అలా వేయమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

అందరూ కలిసి ఒక క్రోషియా దుప్పటి అల్లుతున్నారు. ఇరవై ఎనిమిది పూలు, మనిషికి రెండు. నాలుగు రోజుల్లో అది భద్రాచలం ప్రదర్శనకు వెళ్లాలి. అధికారులకు నచ్చితే గూడెంలోనే శిక్షణ కేంద్రం పెడతామన్నారు. ఇక నడక ఉండదు. జంపక్క వాళ్ల ఆశంతా దాని మీదే.

గూడెం వాళ్లకు కోయ మాట తప్ప మరొకటి రాదు. కాలనీ వాళ్లకు ఆ మాట ఒక్క ముక్క తెలియదు. ఎలా నేర్పుతావని కాలనీ సుబ్బరత్నం అడిగితే, పదిహేను రోజుల కిందట రాజ్యశ్రీ నవ్వేసింది. అల్లికకు భాషెందుకు, చేతులు చూస్తే చాలదా అంది. ఎదురుగా కూర్చుని, సూది పైకెత్తి, నేనెలా చేస్తే మీరూ అచ్చం అలాగే చేయండని సైగ చేసింది. ఏడుగురూ బుద్ధిగా తలలూపారు.

ఇవాళ పూలన్నీ కలిపి కుడదామని పక్కపక్కన పరిచేసరికి బయటపడింది. కాలనీ పూల రేకులన్నీ ఒక వైపు గిర్రున తిరుగుతుంటే, గూడెం పూల రేకులు సరిగ్గా దానికి ఎదురు తిరుగుతున్నాయి.

"తిరగవా మరి," అంది సుబ్బరత్నం. "ఏడుగురికి ఏడుగురూ ఎడమచేతి వాటమే. ఆ గూడెం నీళ్లలో ఏం కలిసిందో ఏమో, వదినా."

కాలనీ చాప మీద నవ్వులు లేచాయి. రాజ్యశ్రీ కూడా నవ్వింది. ఎడమచేత్తో అల్లడం ఆమె మొదటి వారంలోనే చూసింది. చూసీ ఊరుకుంది. వాళ్ల పద్ధతి అంతేనేమో, అడవి మనుషులకు కుడి ఎడమల పట్టింపు ఏముంటుందిలే అనుకుంది.

దారం ఊడి వస్తుంటే జంపక్క అడ్డు చెప్పలేదు. అది నేల మీద పడి మాసిపోకుండా ఎడమ అరచేతిలోకి తీసుకుని, కుడిచేత్తో ఉండ చుట్టసాగింది. అల్లేటప్పుడు కుట్టు కుట్టుకూ తడబడే ఆవిడ చేతులు, ఉండ చుట్టేటప్పుడు మాత్రం చకచకా కదిలాయి. ఆవిడ ముఖం చూడలేక రాజ్యశ్రీ దారం వైపే చూస్తూ లాగింది. తాను లాగుతుంటే ఆవిడ చుట్టడం, ఇద్దరూ కలిసి ఏదో మంచి పని చేస్తున్నట్టే ఉంది. ఆ ఆలోచనకు రాజ్యశ్రీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ లాగింది. చివరికి ఒక గుండ్రటి ఉండను జంపక్క రెండు చేతులా అందించింది.

అప్పుడే శ్యామల లోపలికి వచ్చింది. ఆమె ఆ గూడెం పిల్లే, అక్కడి అంగన్‌వాడీ టీచరు. ఖమ్మంలో పదిహేను రోజుల ట్రైనింగ్ ముగించుకుని నేరుగా ఇటే వచ్చింది.

"ఏంది మేడమ్, ఊడదీస్తాండ్రు?"

రాజ్యశ్రీ తడబడింది. మూడో మనిషి ముందు తాను చేసిన పని ఒక్కసారిగా మొరటుగా కనిపించింది. అందుకే గొంతు మరీ మెత్తగా చేసుకుని చెప్పింది.

"ఎడమచేత్తో అల్లితే పువ్వు ఎదురు తిరుగుతుంది శ్యామలా. పుట్టినప్పటి అలవాటు, వాళ్లను అని లాభం లేదు. వాళ్ల పూలన్నీ తీసేసి మేమే అల్లేసుకుంటాం. ప్రదర్శనలో దుప్పటికి పెట్టే కార్డు మీద వాళ్ల పేర్లు మాత్రం ఉంచుతాంలే. ఆ మాట చెప్పు, బాధపడకుండా."

శ్యామల కోయలో చెప్పింది. ఏడుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జంపక్క తన ఎడమ చెయ్యి ముందుకు చాపి, సూది గుచ్చుకుని కందిన వేళ్లు చూపిస్తూ, నెమ్మదిగా ఏదో చెప్పుకొచ్చింది. శ్యామల తల దించుకుంది.

"ఏమంటోంది?" అంది రాజ్యశ్రీ.

"ఏం లేదు మేడమ్."

"పరవాలేదు, చెప్పు."

"ఈ చెయ్యికి పని నేర్పేతందుకు పది దినాలు పట్టిందట. ఇంటికాడ గూడ పుల్ల పట్టుకొని నేర్చుకున్నరట. ఇంక కుడిచేత్తోని అల్లుకోమంటరా అని అడుగుతాంది."

"ఎడమచేతి వాటం వాళ్లకి ఎడమచేతికి నేర్పడమేమిటి?"

శ్యామల రెండు చాపల మధ్య ఖాళీగా ఉన్న నేలను చూసింది.

"వీళ్లల్ల ఎడమచేతోళ్లు ఒక్కరు గూడ లేరు మేడమ్. అచ్చం మీరు చేసినట్టే చెయ్యాలన్నరట గద. మీరు ఎప్పుడూ ఎదురుంగనే కూసున్నరట, పక్కన కూసోలేదట. వీళ్లకు మీ సూది ఎడమ దిక్కున కనబడ్డది."