పచ్చదీపం

కొత్త జెట్టీ కట్టాక ఆ రేవులో ఒక్కరూ మునిగి చావలేదు. అందరికీ కలిపి ఐసు గది, వలల షెడ్డు, మంచినీళ్ల కుళాయిలు వచ్చాయి. చేపల వేటకెళ్లే ప్రతి మనిషికీ ఒక చొక్కా ఇచ్చారు. గుండె దడదడలాడిందంటే చొక్కా మీది పచ్చదీపం ఎర్రబడుతుంది, పడవ తనంతట తానే ఒడ్డుకు మళ్లుతుంది. చొక్కా విప్పితే పడవ అసలు కదలదు.

చేపల గుంపు కనబడితే ఎల్లాజీ గుండె కొట్టుకునేది భయంతో కాదు. ఆ సంగతి చొక్కాకేం తెలుసు? వల విసిరేలోగా పడవ వెనక్కి తిరిగేది. రేవులో అందరిదీ అదే గతి.

"సంబరపడకండెహె. సేపని సూసినా సూడనట్టే ఉండాల" అన్నాడు సంఘం పెద్ద దానయ్య.

ఎల్లాజీ నేర్చుకున్నాడు. వానాకాలమంతా పట్టింది. నీళ్ల కింద వెండిలా మెరిసినా గోడను చూసినట్టు చూడడం అలవాటైంది. పడవ నిండసాగింది. ఆనవాయితీ ప్రకారం తొలి చేపను గంగమ్మకని నీళ్లలో వదిలేటప్పుడు దండం పెట్టాడు గానీ, లోపల ఏమీ కదల్లేదు.

ఆ రోజు వేట నుంచి రాగానే, భార్య కాసులమ్మ పసిబిడ్డతో జెట్టీ మీదకే ఎదురొచ్చింది.

"మూడు కాన్పులు పోయాక మన కూతురికి దక్కిన మనవరాలు. ఎత్తుకో" అంది.

ఎత్తుకున్నాడు. పాప గుప్పెటతో చొక్కా పట్టుకుంది.

"అలాగున్నావేటి? నీకేటీ అనిపించనేదా?"

ఎల్లాజీ తల వంచి, ఎర్రబడుతుందేమోనని చాలాసేపు చూశాడు. పాప వేళ్ల సందుల్లో దీపం పచ్చగానే వెలుగుతోంది.