నడిచి చూపించిన మనిషి

ఆ ఆడమనిషి దొంగ అని ఫెబీ రెండో ఆస్పత్రిలో కనిపెట్టింది.

పొద్దున మొదటి ఆస్పత్రిలో ఆమె ఫెబీ వాళ్ల పక్కనే కూర్చుంది. ఆకుపచ్చ చీర, ముక్కు మీద పులిపిరి. పేరు వెంకటరత్నమ్మ అని, ఊరు అర్ధవీడని చెప్పింది. అడగకముందే లేచి, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ చకచకా నడిచి చూపించింది. తన రెండు మోకాళ్లూ ఈ డాక్టరే మార్చాడట. హస్తవాసి గొప్పదట.

ఫెబీ అత్త మార్తమ్మ ఆ నడకను నోరు తెరుచుకుని చూసింది. చర్చిలో అందరూ చాప మీద మోకరిస్తే ఆమె ఏడాదిగా వెనక కుర్చీలో కూర్చుంటోంది. ఇంట్లో ఫెబీ పసిదాని వెనక రెండడుగులు వేయలేకపోతోంది. అత్త లేచి తిరిగితేనే ఫెబీ మిరపకోతకు పోగలిగేది. అందుకే పెద్దారవీడు నుంచి ఆటో ఎక్కించి మార్కాపురం తీసుకొచ్చింది.

మొదటి డాక్టరు ముసలాయన. ఎక్స్‌రే చూసి, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నాడు. బరువు తగ్గమన్నాడు. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి పైకెత్తుతూ ఉండమన్నాడు. నొప్పికి మాత్రలు రాసి పంపేశాడు.

ఫెబీకి నచ్చలేదు. కాళ్లు ఊపుకోవడానికి ఇంత దూరం రావాలా? సెలైన్ పెట్టనివాడు వాళ్ల వాడలో డాక్టరే కాదు.

మధ్యాహ్నం అద్దాల తలుపుల ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ అంత జనంలోనూ సరిగ్గా వీళ్ల పక్కకే వచ్చి కూర్చుంది అదే మనిషి. అదే చీర, అదే పులిపిరి. ఇప్పుడు పేరు లక్ష్మీకుమారి, ఊరు గిద్దలూరు. మోకాళ్లు మార్చింది మాత్రం ఈ డాక్టరట.

పొద్దున మాట్లాడిన ముఖాలు గుర్తులేవు. చీర మార్చుకోవాలన్న తెలివి లేదు. ఈ మాత్రం బుర్రతో మోసాలకు దిగిందా అని ఫెబీ లోలోపల నవ్వుకుంది. ఆమె చేయి పట్టుకుని మూలకు తీసుకుపోయింది.

"ఏంది పెద్దమ్మా, పొద్దున అర్ధవీడు, ఇప్పుడు గిద్దలూరా? నీ మోకాళ్లు డాక్టర్లిద్దరూ చెరొకటి పంచుకున్నారా?"

ఆమె ముఖం పాలిపోయింది.

"గట్టిగా అనమాక తల్లీ. నా మోకాళ్లకేం కాలేదు. నడిచి చూపిస్తే కూలి ఇస్తారు. డాక్టర్లంతా ఇట్లాంటోళ్లే. ఆ పైవీధి కొత్త డాక్టరొక్కడే, నా కాడ ఈ నాటకాలు కుదరవని మెడబట్టి గెంటించినాడు. వాని పేరెత్తితే నాకు మంట."

ఇంకేం కావాలి? దొంగకు గిట్టనివాడు మంచివాడే అయ్యుండాలి. ఫెబీ అత్తను లేవదీసింది. ముసలాయన ఆపరేషన్ వద్దన్నాడు గదా అని మార్తమ్మ దారిలో గొణిగింది.

"ఆయనా కూలికి మనిషిని పెట్టుకున్నోడే గదత్తా. అట్లాంటోని మాట ఎట్ల నమ్ముతాం?"

కొత్త ఆస్పత్రిలో మేనేజరు నాగరాజు, ఎవరు చెబితే వచ్చారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, తానే కనిపెట్టి వచ్చానని ఫెబీ జరిగిందంతా పూసగుచ్చినట్టు వివరించింది. అతను శ్రద్ధగా విన్నాడు. ఇంటికొక కోడలు ఇలాంటిది ఉండాలని మెచ్చుకుని, ఇద్దరికీ కాఫీ తెప్పించాడు.

కొత్త డాక్టరు ఎక్స్‌రేను లైటుకేసి ఎత్తి చూశాడు. రెండు మోకాళ్లూ మార్చాల్సిందే, ఆలస్యం చేస్తే మంచం పట్టడమేనన్నాడు. ఫోన్ చేస్తే ఫెబీ మొగుడు ఏలీయా గొర్రెలు అమ్మేస్తానన్నాడు. ఆ సాయంత్రమే మార్తమ్మకు సెలైన్ పెట్టారు. అప్పుడు గానీ ఫెబీ మనసు కుదుటపడలేదు.

మర్నాడు పొద్దున మార్తమ్మను స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాక ఫెబీ తలమీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అబద్ధాల మనుషుల నుంచి తప్పించి మంచి డాక్టరును చూపించినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది.

కళ్లు తెరిచేసరికి కౌంటరు ముందు ఆకుపచ్చ చీర నిలబడి ఉంది.

ఆమెను గెంటడానికి ఎవరూ లేవలేదు. మేనేజరు నాగరాజే కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"నేను దొంగనని కనిపెట్టి నిన్న ఎంతమంది వచ్చినారు సారూ?"