సున్నా కింద

"ఏటిరా, మా ఆయన బరువు పెరిగినాడా?" కిడ్నీ శిబిరంలో బొడ్డమ్మత్త నా కంప్యూటర్ బల్ల మీద గట్టిగా చరిచింది. "లుంగీ నిలవక వలతాడు కట్టుకుంతన్నాడు. సూడు!"

పక్కనే ఉన్న బంగారయ్య మావ నడుముకి నిజంగానే వలతాడు ఉంది. "ఊరుకోయే. మిషను సెప్పిందంటే పెరిగినట్టే," అన్నాడు.

"పెరిగింది నీ మొకం!"

జబ్బు ముదిరి బరువు తగ్గినవాళ్లను బస్సులో విశాఖ పెద్దాసుపత్రికి పంపాలి. ఆ జాబితా తీసే ప్రోగ్రాం, పది తప్పి పలాసలో కంప్యూటర్ నేర్చుకున్న నేను రాసిందే. మావ పేరు పెరిగినవాళ్లలో వచ్చింది.

తలెత్తకుండా లెక్క తెరిచాను. పోయిన నెల యాభై రెండు కిలోలు, ఈ నెల నలభై తొమ్మిది. తేడా మైనస్ మూడు రావాలి. తెర మీద 65533 ఉంది.

"తేడాని మైనస్ పట్టని గడిలో దాసీసినానత్తా," అన్నాను. "సున్నా దగ్గరున్న బండి మీటరు ఎనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు పడతాయే, అలాగే పెద్ద అంకె పడిపోయింది. మిషను పెరిగినాడనుకుంది."

"మడిసి కరిగిపోతంటే నీ పెట్టెకి కనబడదేటిరా? రాసినోడివి నీకు కళ్లు లేవేటి?"

నా మీద నాకే ఒళ్లు మండింది. ప్రోగ్రాంలో ఒక్క పదం మార్చి మళ్లీ నడిపాను. తగ్గినవాళ్ల జాబితాలో మావ ఒక్కడే కాదు, నలభై ఒక్క పేర్లు వచ్చాయి.

"మరి బస్సేదిరా?" అంది అత్త.

బస్సు పొద్దున్నే వచ్చింది. జాబితాలో తగ్గినవాళ్లు ఒక్కరూ లేరని ఖాళీగా తిప్పి పంపేశాం. అందరం చప్పట్లు కూడా కొట్టాం.

మావ కూడా కొట్టాడు.