ఎత్తిన అరచెయ్యి

"ఆపు" అని అరవడానికి బాలశౌరి మాస్టారికి గొంతు లేదు. అందుకని అరచెయ్యి ఎత్తారు.

కాశీరావు ఠక్కున టేపు రికార్డరు మీట నొక్కేశాడు. అంతవరకూ ఇల్లు ఎగిరిపోయేలా మోగిన గిటారూ, డ్రమ్ములూ, నలుగురు కుర్రాళ్ల కేకలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. వసారాలో కుంపటి మీద నీళ్లు కాగుతున్న చప్పుడు మాత్రం మిగిలింది.

ఏ సినిమా పాటో అయితే మాస్టారు పట్టించుకునేవారు కాదు. అది ఆయన పద్యం. ఆయన రాసింది కాదు లెండి, ఎప్పుడో పోయిన ఎవరో ఇంగ్లీషు కవి, రాలిపోయే పూల మీదా చెప్పకుండా జారుకునే వయసు మీదా రాసుకున్నది. అయితేనేం, బెజవాడ మొత్తానికి దాన్ని చదివే హక్కు బాలశౌరి మాస్టారిదే. క్లాసులో ఆయన ఆ పద్యం ఎత్తుకున్నారంటే పక్క సెక్షను పిల్లలు లెక్కలు ఎగ్గొట్టి వరండాలో నిలబడి వినేవారు. అలాంటి మనిషికి నిరుడు మద్రాసులో గొంతుకు ఆపరేషన్ చేశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. ఇప్పుడు భార్య అమలమ్మతో కూరేం చెయ్యాలో చెప్పాలన్నా పలకా బలపం పుచ్చుకోవాలి.

కాశీరావు బందరు దగ్గర చేపలు పట్టుకునే వాళ్లింటి అబ్బాయి. బియ్యే ఆఖరి ఏడు. వాళ్ల బావ ఓడలో పనిచేస్తూ సింగపూరు నుంచి తెచ్చిన టేపు రికార్డరు చంకలో పెట్టుకుని, హాస్టలు నుంచి ఎండలో నడిచొచ్చాడు. వస్తూనే, ఈ పాట మీ పాఠం వల్లే పుట్టిందండీ, మీరు చదివిన తీరు మీదే వరస కట్టుకున్నాం అన్నాడు. ఇదయ్యాక ఇంకోటి వినిపిస్తాను, అమ్మగారు కూడా వచ్చి కూర్చోవాలి అన్నాడు. ఇంకోటా! ఒకదానికే మాస్టారికి నరాలు తెగిపోతున్నాయి.

ఎడం చెయ్యి దించకుండానే ఆయన కుడిచేత్తో పలక మీద రాశారు. "ఇది పద్యమా, సంతా?"

కాశీరావు నోరు తెరవబోయి మూసుకున్నాడు. మాస్టారి చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆ చెయ్యి ఎత్తితే దించేదాకా ఎవరూ కిక్కురుమనకూడదు, అది ఆయన క్లాసులో కట్టుబాటు. తుమ్మొచ్చినా దిగమింగాల్సిందే. ఆయన దగ్గర చదువుకుని తాసీల్దార్లయినవాళ్లు కూడా వన్ టౌన్‌లో ఎదురుపడితే ఆ చేతికి ఈనాటికీ హడలిపోతారు. గొంతు పోయాక ఆయనకు మిగిలిన అధికారమల్లా ఆ చెయ్యే.

పలక తుడిచి మళ్లీ రాశారు. "దాన్ని చంపేశారు."

అసలు కోపం కుర్రాళ్ల మీద కాదని ఆయనకు తెలియకపోలేదు. మొన్న అమలమ్మ పక్కింటి రావమ్మతో అంటుంటే విన్నారు. ఆయన ఫొటోలు పెట్టెడున్నాయి వదినా, గొంతు ఒక్క ముక్క కూడా దాచుకోలేకపోయాను, రోజులు గడిచేకొద్దీ ఎలా ఉండేదో మరుపొచ్చేస్తోంది, అందుకే భయమేస్తోంది అని. ఆ రాత్రంతా ఆయనకు నిద్ర లేదు. తన పద్యం నలుగురి గొంతుల్లో అంత బలంగా, అంత ఆరోగ్యంగా మోగుతుంటే ఇప్పుడు ఓర్వలేకపోయారు.

లేచి, టేపు రికార్డరు మూత తెరిచి, క్యాసెట్టు లాగారు. గబగబా వసారాలోకి నడిచి, నీళ్ల గిన్నె పక్కకు జరిపి, దాన్ని కుంపట్లో పడేశారు.

కాశీరావు ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. మాస్టారు గిర్రున తిరిగి ఎడం అరచెయ్యి ఎత్తారు. వాడు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. క్యాసెట్టు వంకర్లు తిరిగి, నల్లగా కరిగి, బొగ్గుల మీదికి జారింది. లోపలి టేపు భగ్గుమంది. కాలిన కంపుకు అమలమ్మ వంటింట్లోంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, ఏమైందో తెలియక గుమ్మంలో నిలబడిపోయింది.

కాశీరావు ఏడుస్తున్నాడు. మీసాలొచ్చినవాడు, తుఫాను గాలిలో కూడా నాన్నతో వేటకు వెళ్లొచ్చానని క్లాసులో గొప్పలు పోయేవాడు, చేతులు వేలాడేసుకుని ఏడుస్తున్నాడు.

మాస్టారి కోపం అంతా అక్కడే దిగిపోయింది. ఛీ, ఏం పని చేశాను! పాట నచ్చకపోతే నచ్చలేదని రాస్తే సరిపోయేది. పద్యం అంటే చెవికోసుకునే వాళ్లు పది మందైనా లేని ఊళ్లో, వాళ్లకు చేతనైనట్టు వాళ్లు పాడుకున్నారు. తనకు మాట లేదని పిల్లల పాట కూడా కాల్చేయాలా? ఇన్నేళ్లు పాఠం చెప్పి తను నేర్చుకున్నది ఇదేనా? ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గదిలోకి వెళ్లి పలక తెచ్చుకున్నారు. వసారా గట్టు మీద పెట్టి కుడిచేత్తో రాశారు. "తప్పు చేశాను నాయనా. కొత్త క్యాసెట్టు నేను కొనిస్తాను. మీ పాట మళ్లీ పాడండి. ఈసారి చివరిదాకా వింటాను."

కాశీరావు చదివాడు. అయినా మాట్లాడలేదు. మాస్టారి ఎడం చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆ సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చి మెల్లగా దించారు.

కాశీరావు చొక్కా చేతితో మొహం తుడుచుకుని ఒకసారి గుమ్మంలో ఉన్న అమలమ్మను చూశాడు, ఒకసారి కుంపటిని చూశాడు.

"మా పాటదేముందండీ మాస్టారూ, మళ్లీ పాడుకుంటాం. ఆ క్యాసెట్టు రెండో వైపున, మీరు మద్రాసు వెళ్లేముందు ఆఖరి క్లాసులో చదివిన పద్యం ఉందండీ. మీ గొంతు ఉన్నది అదొక్కటేనండీ, అమ్మగారికి ఇచ్చేద్దామని తెచ్చాను."